వాగుకు ఊపిరాడని రోజు

పోయినవారం హరిప్రియను మనం డర్బన్‌కు దక్షిణంగా ఉన్న ఉమ్‌కోమాస్ ఊరి పైన, గిల్బర్ట్ చెరకు తోట గట్టు మీద వదిలిపెట్టాం. నిజామాబాద్ పక్క ఒక చెరకు పల్లెలో పుట్టి, పులియబెట్టి స్పిరిట్ తీసే విద్య చదువుకుని, ఈ దేశం కొత్త జెండా ఎగరేసిన మరుసటేడు ఉద్యోగానికి డర్బన్‌లో దిగిన అమ్మాయి ఆమె. గిరిధరరావు కంపెనీ తరఫున ఆ తోటలోనే ఒక చిన్న బట్టీ పెట్టి, చెరకు రసం నుంచి బండ్లు నడిపే స్పిరిట్ తీసింది. ఆ స్పిరిట్ పోసిన కోంబీ వ్యాను గిల్బర్ట్ కొడుకు కాలెబ్‌ది. తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. అక్కడ ఆగింది కథ.

ఇంజను అంటుకుంది.

అంటుకుని, కాసేపు గొంతు సవరించుకుని, తరవాత గాఢనిద్రలో ఉన్న మనిషి ఊపిరిలా మెత్తగా ఆడింది. కాలెబ్ స్టీరింగు మీద తల వాల్చేశాడు. వెనకసీట్లో గిల్బర్ట్ "హల్లెలూయా" అన్నాడు, గట్టిగా అంటే ఇంజను బెదిరి ఆగిపోతుందేమోనన్నట్టు చాలా నెమ్మదిగా.

పొద్దుటి మంచు ఇంకా చెరకు మీద నుంచి లేవలేదు. కొండ దిగుతుంటే కుడిపక్కన, కాలెబ్ భుజం మీదుగా, సముద్రం తేలింది. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత లేదు. దూరంగా పేపరు గుజ్జు మిల్లు గొట్టం ఒక్కటే ఏ ఆధారమూ లేకుండా గాల్లో నిలబడినట్టు కనిపిస్తోంది. కోతల కాలం కదా, ఎవరో తోటలో ఎండుటాకు తగలబెట్టినట్టున్నారు. నల్లటి మసి రేకులు తేలుతూ వచ్చి అద్దం మీద వాలుతున్నాయి, నిలవకుండా మళ్ళీ లేచిపోతున్నాయి. హరిప్రియకు ఇదంతా ఎప్పుడో కలలో వచ్చి మరిచిపోయిన దారిలా ఉంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో బెల్లం వండే పొయ్యి దగ్గర ఇలాంటి వాసనే వచ్చేది. ఆ తీపీ, కొంచెం పులుపూ కలిసిన వాసన ఇప్పుడు బండి వెనకాల నుంచి వస్తోంది.

"ఏమిటాలోచన?" అన్నాడు కాలెబ్. అతనికి తెలుగంటే అమ్మ తిట్లూ, వంటింటి మాటలూ అంతే. మిగతాదంతా డర్బన్ ఇంగ్లీషే.

"ఈ పొగ ఎక్కడిదా అని."

"పొగ లేదుగా!"

"ఉంది, కనపడదు. చెరకు పెరిగినన్నాళ్ళూ గాల్లోంచి పీల్చుకున్నదే మనమిప్పుడు ఊదేస్తున్నాం. మళ్ళీ మొలిచే చెరకు మళ్ళీ పీల్చుకుంటుంది. నేల అడుగు నుంచి తోడి తెచ్చిన నూనె అలా కాదు. దాన్ని వెనక్కి పీల్చుకునేవాళ్ళు లేరు. పైగా మీ పెట్రోల్లో సీసం కలుపుతారు. దీనికి ఆ అవసరమూ లేదు."

"అంటే నా బండీ, నాన్న తోటా ఒకదాని ఊపిరి ఒకటి పీలుస్తున్నాయన్నమాట," అని నవ్వాడు.

హరిప్రియ కూడా నవ్వింది. తోట దున్నే ట్రాక్టరు డీజిలు తాగుతుందనీ, చెరకుకు చల్లే ఎరువు ఫ్యాక్టరీల్లో బోలెడు నూనె మింగి తయారవుతుందనీ, లెక్క అంత సులువుగా తేలదనీ ఆమెకు తెలుసు. కానీ అంత అందమైన పొద్దుట, అంత సంతోషంగా ఉన్న మనిషికి అవన్నీ చెప్పాలనిపించలేదు.

గిల్బర్ట్ ముందుకు వంగాడు. ఆయన తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది, మధ్యలో ఇంగ్లీషు గుచ్చుకుంటుంది.

"మా నాయిన లారీ తోలె, తెల్సా పాపా? అప్పుడు చెరుకు స్పిరిట్ పెట్రోల్లో కలిపె. లారీ వస్తే మేం పిల్లలం వెనక పరుగు. వాసన కోసం. స్వీట్ బ్రెడ్ లాగ. తర్వాత చీప్ ఆయిల్ వచ్చె, అది పోయె." కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "మన చెరుకు మిల్లువాడు చెప్పిన రేటుకే ఇవ్వాల. వేరే కొనేవాడు లేదు. నౌ వుయ్ హావ్. గాడ్ ఈజ్ గుడ్."

డర్బన్ చేరి, ఊళ్ళోని ఓవర్‌పోర్ట్ ఎత్తు దగ్గరికి వచ్చారు. ఆ ఎత్తే అసలు పరీక్ష. కాలెబ్ గేరు దించాడు. ఇంజను గొంతు మారింది కానీ తడబడలేదు. షాపుల ముందు పూలూ, సమోసాలూ అమ్మేవాళ్ళు తలలెత్తి చూస్తుండగా కోంబీ శిఖరానికి చేరుకుంది. అక్కడ ఆపి దిగి, కాలెబ్ ట్యాంకులోకి పుల్ల పెట్టి చూసి పెదవి విరిచాడు.

"దీనికి దాహం ఎక్కువ."

"పెట్రోలంత వేడి పుట్టించలేదు ఇది. అందుకని ఎక్కువ తాగుతుంది," అంది హరిప్రియ.

"తాగనీ. మన తోటలోదేగా!" అని ఆమె చేయి పట్టుకుని, తను పట్టుకున్నట్టు అప్పుడే తెలిసినవాడిలా వదిలేశాడు. తిరుగు ప్రయాణమంతా హరిప్రియ ఆ చేతిని ఒళ్ళో అలాగే పెట్టుకుని కూర్చుంది.

* * *

తోటకు వచ్చేసరికి ఎండ బాగా పైకెక్కింది. ఎప్పుడూ వరండాలో ఎదురొచ్చే గిల్బర్ట్ భార్య పర్ల్ కనిపించలేదు. వంటింటి తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద పప్పు మాడిపోతోంది. హరిప్రియ పొయ్యి ఆర్పి, పెరటి గుమ్మంలోంచి పల్లం వైపు చూసింది. వాగు దగ్గర ఆడవాళ్ళు గుమిగూడి నిలబడి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు.

గిల్బర్ట్ పొలంలో వాలంతా చెరకు. అడుగున వాగు పక్కనున్న తడినేల మాత్రం పర్ల్‌ది. అక్కడ ఆమె చేమదుంపలూ, చిక్కుళ్ళూ, మిరపా వేస్తుంది. పక్క ఊరి జులూ ఆడవాళ్ళు కూడా అక్కడే మడులు చేసుకుని మొక్కజొన్న పండించుకుంటారు. వాళ్ళకు పెద్దదిక్కు మాడ్లామిని. బట్టీ పనిచేస్తే కట్టబోయే పెద్ద ఫ్యాక్టరీ కోసం ఆ పల్లం కూడా చెరకు కింద మార్చాలని గిరిధరరావు అడుగుతూ వస్తున్నాడు. పర్ల్ ససేమిరా అంటూ వస్తోంది.

హరిప్రియ పరుగులాంటి నడకతో వాలు దిగింది. దిగుతుండగానే వాసన తగిలింది. తీపి కుళ్ళిన వాసన.

వాగు కాఫీ డికాషన్ రంగులో ఉంది. చలికాలం కాబట్టి నీళ్ళు ఎలాగూ తక్కువే, పారుతున్నట్టు కూడా లేవు. చిన్న చిన్న చేపలు తెల్లని పొట్టలు పైకి పెట్టి, చెట్టు నుంచి రాలిన పూలలాగా అంచున తేలుతున్నాయి. పీతలు నీళ్ళొదిలేసి గట్టు మీదికి పాకి, ఎండలో అలాగే ఆగిపోయాయి. రాళ్ళ సందున ఒక పెద్ద మలుగు చేప తల బయటపెట్టి నోరు తెరుస్తోంది, మూస్తోంది. చూస్తుండగా ఆ తెరవడమూ మూయడమూ నెమ్మదిస్తోంది. ఎండా, నీటి రంగూ, మాట్లాడని ఆడవాళ్ళూ... హరిప్రియకు పొద్దుటి కల ఇంకా అవ్వలేదనీ, దాని అవతలి అంచున తను నిలబడి ఉందనీ అనిపించింది.

"సూడు," అంది పర్ల్. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. "సూడు పాపా. సేపలన్నీ సచ్చిపోయె. మా అవ్వ ఈ నీళ్ళు తాగె. మా అమ్మ తాగె. నేను తాగె. ఇప్పుడు ఇది ఏటి?"

హరిప్రియ వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది. వాసన చూడక్కర్లేకుండానే తెలుసు.

"బట్టీ అడుగు నీళ్ళు పిన్నీ. స్పిరిట్ తీసేశాక మిగిలేవి. బట్టీ పక్క గుంటలో పట్టినవి ఇటు వచ్చేశాయి."

"ఇసమా?"

"విషం కాదు. పలచగా కలిపి చెరకుకు పెడితే మంచి ఎరువు కూడా. కానీ ఇంతా ఒక్కసారి వాగులో పడితే, అందులోది కుళ్ళుతూ నీళ్ళలో ఉన్న గాలంతా తినేస్తుంది. చేపలకు ఊపిరి అందదు."

పర్ల్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఊపిరి లేకుండా సేస్తే ఇసం కాదా? ఏటి సదువు సదివినావే నువ్వు!"

ఆ మాట చెంపదెబ్బలాగా తగిలింది. వెనక నుంచి గిల్బర్ట్, కాలెబ్ కూడా దిగి వచ్చారు. గిల్బర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కాలెబ్ నీళ్ళను చూశాడు, మలుగు చేపను చూశాడు. వెనక్కి తిరిగి వాలు ఎక్కి వెళ్ళిపోయాడు.

మాడ్లామిని జులూలో ఏదో అడిగింది. గొంతు పెంచలేదు. పర్ల్ అర్థం చెప్పింది. "ఆమె అడుగుతాది, బట్టీ ఇంత సిన్నది ఉంటే ఇన్ని సేపలు సచ్చె. పెద్దది కడితే ఏటి సస్తాది అని."

హరిప్రియ దగ్గర జవాబుంది. పెద్దది కడితే సరైన గుంటలు కట్టొచ్చు, అడుగున నీరింకని పరుపు వేయొచ్చు, ఆ నీళ్ళ నుంచే గ్యాసు తీసి బట్టీ కాల్చుకోవచ్చు, చెరకు పిప్పితో బాయిలరు నడపొచ్చు, బొగ్గు అవసరమే ఉండదు. అన్నీ నిజాలే. అవి చెప్పడం మాని, వంగి చచ్చిన చేపలను ఒడ్డుకు ఏరసాగింది.

"నాకు ఆ లానీ మాటలు, దొరల మాటలు, వద్దు," అంది పర్ల్, ఆమె మనసు చదివినట్టు. "నేను బుర్ర లేని మనిసిని కాదు. కాలెబ్ బండి నడిసె, నాకు సంతోసం. గిల్బర్ట్ రాత్రి ప్రేయర్‌లో ఏడ్సె, అప్పు తీరతాది అని. నేను కూడా ఆమెన్ అన్నాను. కానీ రేడియోలో సెప్పె, ఈ ఏడు వాన రాదు అని. వాన లేకపోతే పైన సెరుకు ఎండుతాది. అప్పుడు మీ బట్టీ ఆకలి అని ఏడుస్తాది. అప్పుడు నా దుంపల నేల అడుగుతారు. తర్వాత ఆమె మొక్కజొన్న అడుగుతారు. బండి తాగడానికి నేల ఇస్తే మనుసులు ఏటి తింటారు? సెప్పు!"

"అలా అడగకూడదు పిన్నీ. వాలు మీది చెరకు వరకే అయితే చాలు, పల్లం జోలికి రానక్కర్లేదు. అంతకు సరిపడా చిన్నదే కట్టాలని నేను మొదటి నుంచీ..."

"నువ్వు అంటావు. నీ మాట ఎవరు ఇంటారు?"

హరిప్రియ నీళ్ళ వైపు తల తిప్పుకుంది.

పర్ల్ తడి చేత్తో ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. తిట్టే చేయి కాదు, కూతురి జడ సరిచేసే చేయి. "ఆదివారం సర్చి హాల్లో పెద్దోళ్ళు వస్తారు, ఫ్యాక్టరీ కట్టాలా వద్దా అడగడానికి. నువ్వు లేసి సెప్పాల. మంచిది అయితే మంచిది. సెడ్డ అయితే సెడ్డ. ఈ నీళ్ళు ఎలాగ వచ్చె అది కూడా. దాసొద్దు. నాకు మాట ఇయ్యి."

హరిప్రియ మాట ఇచ్చింది.

* * *

గిరిధరరావు మూడో ఝాముకు వచ్చాడు. తెల్లచొక్కా మీద మసి వాలకుండా దులుపుకుంటూ గుంట గట్టు మీద నిలబడి, నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు.

"చెరకు ఎలుకలమ్మా. గట్టు తొలిచేస్తాయి. తోటల మధ్య పని చేస్తున్నాం, ఇలాంటివి తప్పవు. ఆదివారం ఎవరైనా అడిగితే అదే చెప్పు."

"ఎలుకలు ఇంత సూటిగా తొలుస్తాయా సార్?"

గుంట గట్టుకు పడ్డ గండి పక్కల మట్టి బురదలో పార అంచు జారిన గుర్తులు నున్నగా, అద్దంలా మెరుస్తున్నాయి. ఆయన అటు చూడలేదు.

"హరిప్రియా, నువ్విక్కడికి ఎలా వచ్చావో గుర్తుంచుకో. కంపెనీ ఉంటే నీ పర్మిట్ ఉంటుంది. ఈ దేశం ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తోంది. రేపు నూనె ధర పెరిగినా, ఎవరో ఓడలు ఆపినా, వీళ్ళ బండ్లు వీళ్ళ చెరకుతో నడవాలని నేనూ నిజంగానే కోరుకుంటున్నాను. నాలుగు చేపల కోసం అది ఆపుతావా?"

అది అబద్ధపు కోరిక కాదని ఆమెకు తెలుసు. అదే కష్టంగా ఉంది. "గుంట ఇంకా పెద్దది తవ్వాలని చెప్పాను సార్. లీటరు స్పిరిట్‌కు పది పన్నెండు లీటర్ల అడుగు నీళ్ళు వస్తాయని చెప్పాను. తరవాత చూద్దామన్నారు," అంది.

"తరవాతే చూద్దాం," అని ఆయన కారెక్కాడు.

సూర్యుడు కొండ వెనక్కి జారుతుండగా హరిప్రియ బట్టీ దగ్గరికి వెళ్ళింది. కాలెబ్ అక్కడ రాగి గొట్టానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆకాశమంతా నారింజ తొక్క రంగు. ఎదుటి కొండ మీద ఇంకో తోట తగలబడుతోంది, ఆ మంట చప్పుడు ఇంత దూరానికి వాన కురుస్తున్నట్టు వినిపిస్తోంది. ఆమె అతని పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఆ లేని వానను విన్నారు.

"నువ్వేనా?" అని అడిగింది చివరికి.

కాలెబ్ తల ఊపాడు.

"నిన్న రాత్రి గుంట నిండిపోయింది. బట్టీ ఆపెయ్యమని నువ్వు చెప్పి వెళ్ళావు. ఆపితే ఓవర్‌పోర్ట్ ఎక్కి తిరిగి రావడానికి స్పిరిట్ చాలదు. దారి మధ్యలో బండి ఆగిపోతే అందరూ నవ్వేవాళ్ళు, నాన్న కూడా చూసేవాడు. కొంచెం, బకెట్లతో పోసినంత వదిలితే చాలనుకున్నాను. పార పెట్టాను. మట్టి ఆగలేదు హరీ. నా చేతుల్లోంచే కారిపోయింది. ఎంత మట్టి వేసినా ఆగలేదు."

అతని అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పొద్దుట తన చేయి పట్టుకున్నప్పుడు ఆ గరుకు తనకు తెలిసింది. స్టీరింగు పట్టుకున్న గరుకనుకుంది.

"పొద్దున నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు బండి ఎక్కేదానివి కాదు." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ ఒక్క ప్రయాణం చాలనిపించింది. తరవాత ఏమైనా కానీ అనిపించింది. ఆ వాగులో నాకు ఈత నేర్పింది అమ్మే."

హరిప్రియకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని అడుగున, ఆ ప్రయాణం తనకూ చాలన్నంత బాగుందన్న ఎరుక బరువుగా కూర్చుని ఉంది. గుంట చాలదని తెలిసి కూడా బట్టీ వెలిగించింది తనే. చెప్పాను కదా అని సరిపెట్టుకుంది తనే.

"మీ అమ్మకు మాట ఇచ్చాను," అంది. "ఆదివారం చెప్పాలి. ముందు నువ్వు ఆమెకు చెప్పు. నా నోటి నుంచి వినకూడదు ఆమె."

"చెబుతాను."

"ఒట్టు?"

"ప్రామిస్," అన్నాడు. వరండాలో కుర్చీ చప్పుడైంది. గిల్బర్ట్ అక్కడ కూర్చుని తగలబడే కొండను చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో ఇద్దరికీ తెలియదు.

* * *

ఆదివారం ఆరాధన అయ్యాక బెంచీలు వెనక్కి జరిపి హాలంతా మనుషులు నిండారు. ఫ్యాక్టరీకి డబ్బిచ్చే ప్రభుత్వ నిధి తరఫున వచ్చినవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. ఒక పక్క చెరకు రైతులు, ఇంకో పక్క పల్లంలో మడులు చేసే ఆడవాళ్ళు. అలాంటి హాల్లో అలా కలిసి కూర్చుని, ఒక ఫ్యాక్టరీ కావాలో వద్దో తామే తేల్చడం వాళ్ళలో చాలామందికి అదే మొదటిసారి. అందుకే పెళ్ళికొచ్చినట్టు తయారై వచ్చారు. కిటికీల్లోంచి పడే ఎండలో మసి రేకులు ఇక్కడ కూడా తేలుతున్నాయి.

గుమ్మం దగ్గర హరిప్రియ కాలెబ్ కళ్ళలోకి చూసింది. అతను తల దించుకున్నాడు. చెప్పలేదు.

 పర్ల్ ఆడవాళ్ళ వైపు మొదటి బెంచీలో, ఆదివారపు టోపీ పెట్టుకుని, పక్కనున్న ఆమెతో ఏదో చెబుతూ నవ్వుతోంది. హరిప్రియ కనిపించగానే రమ్మన్నట్టు చేయి ఊపింది. మా అమ్మాయే మాట్లాడబోతోంది అన్నంత గర్వం ఆ ముఖంలో.

హరిప్రియ పేరు పిలిచారు. లేచింది. గిరిధరరావు ఆమెకు మాత్రమే కనిపించేలా మెల్లగా తల ఊపాడు.

ఆమె కోంబీ ప్రయాణం గురించి చెప్పింది. సీసం లేని గాలి గురించి, మిల్లు ఒక్కటే కాకుండా ఇంకో కొనుగోలుదారు దొరికితే చిన్నరైతుకు వచ్చే ధైర్యం గురించి, తోటలో పని చేసేవాళ్ళకు కోతల తరవాత కూడా దొరికే పని గురించి చెప్పింది. రైతులు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"ఇంకా ఉంది," అంది. "ఇది పెట్రోలు కంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఈ దేశంలో బండ్లన్నీ దీనితోనే నడవాలంటే ఇక్కడున్న చెరకంతా చాలదు. అప్పుడు తిండి పండే నేల అడుగుతారు. అడిగినప్పుడు ఇవ్వకండి. వాలు మీది చెరకుతో ఎంత వస్తే అంతే తీసుకుందాం. ఇక అడుగు నీళ్ళు. వాటిని పట్టే చోటు కట్టకుండా బట్టీ వెలిగించకూడదు. మేం వెలిగించాం. అందుకే మీ వాగు చచ్చిపోయింది. గట్టు తొలిచింది చెరకు ఎలుకలు కాదు."

హాల్లో గుసగుస లేచింది. గిరిధరరావు ముఖం కదల్లేదు, చేతిలోని పెన్ను మాత్రం ఆగిపోయింది.

మాడ్లామిని లేచి నిలబడింది. జులూలో అడిగింది. ఈసారి అర్థం చెప్పనక్కర్లేదు, హరిప్రియకు ఆ ప్రశ్న తెలుసు. అయినా పర్ల్ గొంతు హాలంతా వినపడేలా మోగింది.

"ఎలుక కాదు అంటే మనిసి. ఎవరు గండి కొట్టె? ఆమె అడుగుతాది."

హరిప్రియ పెదవులు తడుపుకుంది. గోడకు ఆనుకుని నిలబడ్డ కాలెబ్ బొబ్బలెక్కిన చేతులను వెనక్కి దాచుకున్నాడు. పర్ల్ అటు చూడటం లేదు. ఆమె చూపంతా హరిప్రియ మీదే ఉంది, ధైర్యం పోస్తున్నట్టు.

"సెప్పు పాపా," అంది పర్ల్ మెత్తగా, తమ ఇంటి తెలుగులో. "బయపడొద్దు. ఎవరి కొడుకు అయినా సరే, సెప్పు."

కిటికీ ఎండలో తేలుతున్న మసి రేకు ఒకటి కిందికి దిగడం కూడా మరిచిపోయినట్టు ఆగింది. హరిప్రియ నోరు తెరిచింది.

అప్పుడు రైతుల వైపు ఒక బెంచీ కిర్రుమంది.

"నేను," అన్నాడు గిల్బర్ట్. టోపీ రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడి ఉన్నాడు. "గండి కొట్టింది నేను."

పర్ల్ తల నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. కాలెబ్ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. ఆ హాల్లో, తండ్రీ కొడుకులు కాక, అది అబద్ధమని తెలిసిన మనిషి ఒక్క హరిప్రియే.

మాడ్లామిని గిల్బర్ట్‌ను నమ్మలేదు. ఆ పార పట్టలేని ముసలి చేతుల వైపు చూసింది. తరవాత హరిప్రియ వైపు తిరిగి, ఈసారి అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా అడిగింది.

"నువ్వు మాకు అబద్ధం చెప్పలేదు. నువ్వే చెప్పు. ఈయన చెప్పింది నిజమేనా?"